మా గూడుబండి విప్పిన దినము

గడచిన వైశాఖమున మేము ఒంగోలు వెళ్లితిమి. స్టేషనులో దిగి కొత్తపట్నము బాటను తూర్పుగా కొంతదూరము పోయినచో మా అత్తవారి పల్లె వచ్చును. ఈసారి పోయినది పండుగకు గాదు, పెండ్లికిని గాదు; పాత గూడుబండిని విప్పించుటకు. దొడ్డి అమ్ముడుపోయినది. బండిచావడి ఒఱగినది. నొగలకు చెదలు పట్టినవి.

సోదరీమణులలో చిన్నవారు గూడుబండి నెఱుగకపోవచ్చును. ఎడ్లబండిపై వెదురుబద్దలు వంచి కట్టి, చాపలు కప్పి, ముందు వెనుకల తెరలు దించినచో అది గూడుబండి. లోపల వరిగడ్డి, దానిపై బొంత. మా అత్తగారి కది యిల్లే. శివరాత్రికి కోటప్పకొండ పోవునపుడు రెండు రాత్రులు అందే నిద్ర. బాటప్రక్క మూడురాళ్ల పొయ్యి. ఇరుసుక్రింద గోనెపట్ట ఉయ్యెలలో పసిబిడ్డ. క్రొత్తకోడలికి చెఱువును సంతయు కనబడినది ఆ తెర సందులోనుండియే. ఇంటి కిటికీకి ఆపాటి భాగ్యము లేదని ఆమె నవ్వుచు చెప్పుదురు.

1956వ సంవత్సరపు వానకాలమున నొప్పులు పడుచు ఆమె యిందులోనే ఒంగోలు మిషను ఆసుపత్రికి బయలుదేఱిరి. ఇక్కడి నల్లరేగడి తడిసినచో కాలు పెట్టిన మోకాలివఱకు దిగును. బండిచక్రము లంత యెత్తుగా నుండుట అందుకే; చిన్న చక్రము గాడిలో కూరుకొనిపోవును. ఆనాడు పెద్దచక్రములును కూరుకొనినవి. ఎడ్లు మోకరిల్లినవి. మా పెద్దాడుబిడ్డ ఆసుపత్రి చేరకయే, ఈ చాపలక్రిందనే పుట్టెను. ఆ రాత్రి వెనుకపలకను ఊడదీసి తల్లి వీపునకు దన్నుగా పెట్టిరట.

వడ్రంగి ఉదయముననే వచ్చెను. మొదట గూటిత్రాళ్లు కోసెను. చాపలు చేతిలోనే పొడియైనవి. కాడి విప్పి, బండిని దుంగలపై నిలిపి, కడచీలలు లాగి చక్రములను ఊడదీసెను. ఇనుపపట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీళ్లు పోసి బిగింతురు గదా, అది యెట్లు వచ్చునని మేమడిగితిమి. "ఎండకు కొయ్య కుంచించుకుపోయిందమ్మా, పట్టా అదే వదులైంది" అని నాలుగు దెబ్బలు కొట్టగా అది యుంగరమువలె జాఱి పడినది. పిదప ఆరు పూటీలు, పన్నెండు ఆకులు, నడుమ కుంభము. అన్నియు తుమ్మకొయ్యయే. నాభిలో పాత కందెన యింకను నల్లగా నున్నది. ఆముదపు వాసన గుప్పుమనెను. అత్తగారు అరుగుమీదనుండి లేచి లోపలికి పోయిరి.

ఎడ్ల సంగతి వేఱు. ఒంగోలు 1904వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఇక్కడి జాతిని బ్రెజిలువారు నేటికిని నెలోరె యనియే పిలుతురు. మా చేరువనున్న కరవది పల్లె పేరుగల ఆబోతొకటి 1960వ దశకమున అక్కడికేగి పెద్ద సంతతికి మూలమైనది. ఎద్దు సముద్రము దాటినది. దాని వెనుకనుండిన యిల్లు మాత్రము ట్రాక్టరు వచ్చినపుడే చావడిలో నిలిచిపోయినది.

సాయంకాలమునకు ఇనుము తూకమునకు పోయినది. రెండవ చక్రమును విప్పనీయక, రాజమార్గముపై నున్న యొక భోజనశాలవారు గోడకు ఆనించుటకు కొనిరి. చెదలు తినిన కొయ్యను వడ్రంగియే తన పొయ్యికి తీసికొనెను. ధర విషయమున మావారు కొంచెము బేరమాడిరి, మాకు సిగ్గనిపించినది.

అన్నియు పోయిన తరువాత అత్తగారు పిలిచి, "అమ్మాయీ, వెనకపలక ఎవరికన్నా ఇచ్చారా?" అని యడిగిరి. అదృష్టవశమున అది యింకను చావడిలోనే పడియుండెను. కడిగి, ఎండబెట్టి, నాలుగు కోళ్లు కొట్టించితిమి. ఇప్పుడది ఆమె మంచముప్రక్క నున్నది. మందుసీసాలును, మంచినీళ్ల చెంబును దానిమీదనే పెట్టుకొనుచున్నారు.