పెరుగన్నంలో మాత్ర

మేముండేది సంగారెడ్డిలో. మా ఆయనకు పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. రెండేళ్లుగా మా అత్తమ్మకు పార్కిన్‌సన్స్, అదే వణుకుడు జబ్బు. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం చీర మీదే.

ఓ రోజు మా ఆయన డ్యూటీ నుంచి వస్తూనే, "ఆక్సిటోసిన్‌తో ఈ జబ్బు నయమవుతుందట, ఎవరో చెప్పారు. తెచ్చి వేయిద్దామా?" అన్నారు. నా గుండె గుభేలుమంది. కాన్పులో నొప్పుల కోసం నాకు ఎక్కించింది అదే! పాలు చేపడానికి కొందరు గేదెలకు దొంగచాటుగా పొడిచేదీ అదే!

డాక్టరుగారిని అడిగితే కసరకుండా విడమరచి చెప్పారు. "మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు చచ్చిపోవడం వల్ల వచ్చే జబ్బమ్మా ఇది. ఆక్సిటోసిన్ ఆ కణాలను కాపాడుతుందేమోనని ఎలుకల మీద పరిశోధనలు జరిగాయి. మనుషుల్లో రుజువు కాలేదు. సొంతంగా వాడితే బి.పి. పడిపోవచ్చు, ఒంట్లో ఉప్పు తగ్గి ఫిట్స్ రావచ్చు. అది సరే, నేను రాసిన లెవోడోపా ఎలా వేస్తున్నారు?"

"పెరుగన్నం ముద్దలో పెట్టి మింగిస్తున్నానండీ" అన్నాను గొప్పగా.

ఆయన తల పట్టుకున్నారు. పెరుగు, పప్పు, గుడ్డులాంటి మాంసకృత్తులతో కలిస్తే ఆ మందు సరిగా ఒంటబట్టదట! అన్నానికి అరగంట ముందు నీళ్లతో వేయమన్నారు.

ఆ రోజు నుంచీ గడియారం చూసి మాత్ర వేస్తున్నాను. జబ్బు పోలేదు. కానీ మొన్న అత్తమ్మ ఖాళీ గ్లాసు నా చేతికిస్తూ, "ఇయ్యాల చాయ్ ఒలకలేదు బిడ్డా" అంది.

మీ ఇంట్లోనూ ఈ జబ్బువాళ్లుంటే, మాత్ర వేళ సంగతి డాక్టరుగారిని తప్పక అడగండి.