శబరి కలిసే చోట చేపల ఊరు

భద్రాచలం వెళ్లినవాళ్లలో చాలామంది రాముణ్ని చూసుకుని, పర్ణశాల దాకా వెళ్లొచ్చి తిరుగు బస్సెక్కేస్తారు. నెల్లిపాక మీదుగా గోదారి వెంట కిందికి మరో యాభై కిలోమీటర్లు పోతే కూనవరం. ఒకపక్క మిరప చేలు, వెనకే అడవి. ఒడిశాలోని కొరాపుట్ కొండల్లో కొలాబ్ పేరుతో పుట్టిన శబరి, దారిలో సీలేరును కలుపుకుని ఇక్కడే గోదారిలో కలుస్తుంది.

గోదారి చేప అనగానే పులస అడిగేవాళ్లకు ఇక్కడ నిరాశే. సముద్రం నుంచి ఎదురీదే ఆ చేపకు ధవళేశ్వరం ఆనకట్ట అడ్డం. అయితేనేం, వాలుగ ఉంది, జెల్ల ఉంది, బొచ్చె ఉంది. సాయంత్రం వల కట్టి రావడం, తెల్లవారకముందే దోనెలో వెళ్లి తీసుకోవడం... జాలరికి పడుకునే వేళా లేచే వేళా ఏరే చెబుతుంది. వేసవిలో నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడితే మడుగుల్లో విసురు వల పనికొస్తుంది. ఒడ్డున బేరం కూడా అంతే తీరిగ్గా సాగుతుంది. ‘ఈ వాలుగ ఎంత పెద్దమ్మా?’ అంటే, ‘నువ్వే చెప్పు బాబూ’ అంటుంది. ముందు ధర చెప్పినవాడిదే ఓటమి!

అన్నం పెట్టే ఏరే ఇల్లూ ముంచుతుంది. గోదారి పోటెత్తితే శబరి నీటికి దారి దొరకదు. వెనక్కి తన్ని ఊళ్ల మీద పడుతుంది. అందుకే భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులు దాటి మొదటి హెచ్చరిక వచ్చిందంటే ఇక్కడ సామాను సర్దడం మొదలవుతుంది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3. ఆ ఏడు జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు.

జిల్లా పేర్లూ నిలకడగా లేవు. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి, 2014లో పోలవరం ముంపు మండలంగా మళ్లీ తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు... ఊరు ఉన్నచోటే ఉంది, కాగితాలే తిరిగాయి.

ఇప్పుడు ఊరే కదలాల్సిన పరిస్థితి. పోలవరం జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు. పరిహారం లెక్కలో పొలానికి ఎకరం ఉంది, ఇంటికి కొలత ఉంది. తాత కాలం నుంచి వల కట్టుకుంటున్న రేవుకు ఏ కొలత? 2013 భూసేకరణ చట్టం జాలరిని పూర్తిగా మరచిపోలేదు. సాగునీటి ప్రాజెక్టుల నిర్వాసితులకు జలాశయంలో చేపలు పట్టే హక్కు ఇవ్వవచ్చంది. ఇవ్వవచ్చు అంది, ఇవ్వాలనలేదు! ఇచ్చినా, పునరావాస కాలనీ నీటికి దూరమైతే ఆ హక్కు పటం కట్టుకోవడానికే. పైగా పారే ఏటిలో చేప తిరుగుడు వేరు, నిలవ నీటిలో వేరు. లోతు పెరిగితే వలా మారాలి, పడవా మారాలి. ఆ ఖర్చు ఎవరిదో తేలాలి.

చూడాలనుకునేవాళ్లు సంక్రాంతి తర్వాత వెళ్లడం మేలు. సంగమం దగ్గర ఇసుక మీద నడవచ్చు, తాజా చేప దొరుకుతుంది. వానాకాలం మాత్రం వద్దు. వరదొస్తే మొదట తెగేవాటిలో ఆ రోడ్డూ ఒకటి.