తలదెబ్బయు మహమ్మారియు

తలకు వచ్చిన ఆపద తలపాగతో పోయినదని సంతోషించుట మనవారికి వాడుక. పడినవారు లేచి కూర్చుండి, "నాకేమియు కాలేదు, కంగారు పడకుడు" అని పలికినచో ఇంటిల్లిపాదియు దేవునికి దండము పెట్టి ఎవరి పనులకు వారు పోవుదురు. కాలుసేతుల దెబ్బల విషయమున ఇది చెల్లవచ్చును గాని తలదెబ్బ విషయమున చెల్లదు. అందును, ఊరంతయు ఒక అంటురోగమునకు భయపడి తలుపులు మూసికొనియున్న కాలమున ఈ యలవాటు ప్రాణాంతకము కాగలదు. 2020వ సంవత్సరమున మా యింట జరిగిన యొక సంగతివలన నాకిది బాగుగ బోధపడినది. సోదరీమణులకు ఉపయోగపడునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పుఱ్ఱె గట్టి పెట్టె వంటిది. దానిలో మెదడు మెత్తగా అమరియున్నది. చేతికో కాలికో దెబ్బ తగిలి లోపల నెత్తురు చేరినచో చర్మము ఉబ్బి దానికి చోటిచ్చును. పుఱ్ఱె ఉబ్బదు, కావున లోపల నెత్తురు చేరినకొలదియు మెదడే నలిగిపోవును. కణతయొద్ద ఎముక మిక్కిలి పలుచన. దాని లోపలివైపున ఒక రక్తనాళము పోవుచున్నది. ఎముక చిట్లి ఆ నాళము తెగినచో దెబ్బతిన్నవారు మొదట తెలివిగనే మాటలాడి, నడచి, కొన్ని గంటలకు స్మారకము కోల్పోవచ్చును. 2009 మార్చి నెలలో నటాషా రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయ నటి కెనడా దేశమున మంచుపై జారు ఆట నేర్చుకొనుచు పడిపోయెను. తనకేమియు కాలేదని చెప్పి మొదట వైద్యసహాయమును వలదనెను. రెండు దినములకు ఆమె మరణించెను.

వృద్ధుల తీరు వేఱు. వయసు మీఱినకొలది మెదడు కొంత కుదించుకొనును. దాని పైనుండు సన్నని సిరలు సాగియుండును. చిన్న దెబ్బకే అవి తెగి నెత్తురు మెల్లమెల్లగ చేరును. బాధ బయటపడుటకు ఒక్కొక్కప్పుడు దినములు, వారములు సయితము పట్టును. గుండెజబ్బుచేత నెత్తురు పలుచనచేయు మాత్రలు మ్రింగువారికి ఈ యపాయము మఱింత యెక్కువ.

మా యత్తగారు అట్టి మాత్రలు వాడువారే. అప్పటికి వారికి డెబ్బది రెండేండ్లు. అది 2020 ఆగస్టు మాసము. మన ఆంధ్రప్రదేశమున దినమునకు పదివేలకు మించి క్రొత్త కరోనా కేసులు వచ్చిన దినములు ఆ నెలలో పెక్కు కలవు. ఒకనాటి యుదయమున అత్తగారు తులసికోటకు నీళ్లు పోయుచు నాచుమీద జారిపడిరి. గట్టు అంచు తలకు తగిలెను. నెత్తురు కొంచెమే వచ్చెను. కట్టు కట్టించుకొని, ఆ పూట వంటయేమని నన్నడిగిరి. మధ్యాహ్నము ఎన్నడు లేని మగతనిద్ర పట్టెను. ప్రొద్దు వాలువేళకు రెండుమాఱులు వాంతియయ్యెను. నేను మొగము తుడుచుచుండగా నన్ను తమ చెల్లెలి పేరు పెట్టి పిలిచిరి. ఆ చెల్లెలు పోయి ఇరువదేండ్లయినది. నా గుండె జల్లుమనెను.

ఆసుపత్రి మాట యెత్తగనే ఇంటిలో నెవ్వరికిని మనసొప్పలేదు. "ఈ దినములలో ఆసుపత్రి గడప త్రొక్కుట రోగమును పిలిచి తెచ్చుకొనుటయే. తెల్లవారనిండు, చూతము" అని మా బావగారనిరి. అత్తగారును నా చేయి పట్టుకొని, "ఆ మాయరోగము తగిలించుకొని దిక్కులేక పోవుదునా? నన్నిక్కడనే యుండనీయవే అమ్మాయీ" అనిరి. వారి భయము వట్టిది కాదు. ఆ దినములలో ఆసుపత్రికి పోయినవారి మొగము మరల చూడనోచుకొనని కుటుంబములు ఎన్ని లేవు! అయినను నేను ధైర్యము తెచ్చుకొని, "బావగారూ, ఆ రోగము వచ్చునో రాదో తెలియదు. ఈ దెబ్బ వచ్చియే యున్నది" అంటిని. వారు మాఱు పలుకలేదు. మావారు 108కు ఫోను చేసిరి.

మొదట పోయిన వైద్యశాలవారు కరోనా లేదన్న కాగితము తెచ్చినగాని గేటు తెఱువమనిరి. ఆ కాగితమునకై ఒక దినము పట్టును. మాకు గంటయే లేదు. అంబులెన్సులోని యువకుడు వారితో వాదింపక బండిని వేఱొక ఆసుపత్రికి మఱలించెను. అచ్చట తలనుండి పాదములవఱకు కప్పుకొనిన వైద్యులు అత్తగారికి ఆ రోగమున్నట్లే భావించి, తాము తగిన రక్షణతో నుండి, పరీక్షా ఫలితమునకై కాచుకొనక తలకు స్కానింగు తీయించిరి. ప్రాణాపాయ సమయమున అనుసరింపదగిన పద్ధతి యిదియే. ఆ రాత్రియే శస్త్రచికిత్స జరిగెను. లోనికి ఒక్కరినే పోనిచ్చిరి. నేను తెల్లవాఱువఱకు వీథిలో వేపచెట్టు క్రింద కూర్చుంటిని. పదునొకండు దినములకు అత్తగారు ఇల్లు చేరిరి. గొఱిగిన తలను తడుముకొని, "తిరుపతి మ్రొక్కు ఇచ్చటనే తీరినదే అమ్మాయీ" అని నవ్విరి. మాలో నెవ్వరికిని ఆ రోగము అంటలేదు. అంటియున్నను వారిని తీసికొనిపోయితినని నేను చింతించియుండను.

అంబులెన్సులోని యువకుడు త్రోవపొడుగునను అత్తగారి పేరడుగుచు, కన్నులు తెఱువుమనుచు, చేయి ఎత్తుమనుచు నుండెను. దాని మర్మము నాకు పిదప తెలిసినది. 1974లో గ్లాస్గో నగరమందలి టీస్‌డేల్, జెన్నెట్ అను వైద్యులు ఒక కొలత నేర్పఱచిరి. కన్నులు తెఱచుట, మాటలాడుట, అవయవములు కదల్చుట అను మూడింటిని చూచి 3 మొదలు 15 వఱకు అంకె వేయుదురు. 15 అనగా పూర్తి తెలివి. 8 గాని అంతకు తక్కువ గాని అయినచో మిక్కిలి యపాయము. ఆ లెక్క వైద్యులది. కాని ఆ మూడింటిని కనిపెట్టి చూచుట ఏ తల్లికైనను సాధ్యమే.

కాలము ఎంత విలువైనదో తెలుపు సంగతి మఱియొకటి కలదు. నెత్తురు గడ్డకట్టి నిలుచుటకు తోడ్పడు ట్రానెక్సామిక్ ఆమ్లము అను మందును 1962లో ప్రకటించినవారు జపాను దేశపు శాస్త్రజ్ఞురాలు ఉటాకో ఒకమోటో, ఆమె భర్త. ప్రసవమున నెత్తురు పోయి మరణించు తల్లులను కాపాడవలెనని ఆమె కోరిక. బిడ్డను చూచువారు లేక వీపున కట్టుకొని ప్రయోగశాలలో పనిచేసిన యిల్లాలామె. తలదెబ్బ మిక్కిలి తీవ్రము కానివారికి ఈ మందును మూడు గంటలలోపల ఇచ్చినచో మరణములు తగ్గునని 2019లో వెలువడిన యొక గొప్ప పరిశోధన తెలిపినది. ఆలస్యమైనకొలది ఆ ఫలము తగ్గిపోవును. "తెల్లవారనిండు" అనుటలోని నష్టము దీనినిబట్టి యూహింపవచ్చును.

మహమ్మారి వచ్చినదని తలదెబ్బలు ఆగవు. 2020లో రోడ్లు నెలల తరబడి నిర్మానుష్యములై యున్నను మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,31,714 మంది మరణించిరి. ఇండ్లలో మేడమెట్లును, స్నానపుగదులును, పిల్లల ఊయెలలును ఎప్పటివలెనే యుండెను.

కావున ఈ గుఱుతులను జ్ఞాపకముంచుకొనవలెను. తలదెబ్బ తగిలినవారు కొంతసేపైనను స్మారకము తప్పినను, ఒకటికి రెండుమాఱులు వాంతి చేసికొనినను, మగతగా నుండినను, మాట తడబడినను, మనుష్యులను గుర్తింపకున్నను, తలనొప్పి హెచ్చుచున్నను, మూర్ఛలు వచ్చినను, చెవినుండి గాని ముక్కునుండి గాని నెత్తురో నీరువంటి ద్రవమో కాఱినను, కంటిపాపలలో ఒకటి పెద్దదిగ కనబడినను తడయక ఆసుపత్రికి చేర్పవలెను. వృద్ధులను, నెత్తురు పలుచనచేయు మందులు వాడువారిని ఈ గుఱుతులు లేకున్నను వైద్యునికి చూపుట మేలు. మెడకు కూడ దెబ్బ తగిలినదను అనుమానమున్నచో తల కదలనీయక పడుకొనబెట్టవలెను. తినుటకు, త్రాగుటకు ఏమియు నీయరాదు. వాడుచున్న మందుల చీటి వెంట నుండవలెను. అంటురోగ కాలమున వెంట పోవువారు మాస్కు ధరింపవలెను. వాంతులగుచున్నవారికిని, స్మారకము లేనివారికిని మాత్రము అది కట్టరాదు. ఊపిరాడకపోవును.

ఇంటిలో నెవరి మాటతీరు ఎట్టిదో, ఎవరి నిద్ర ఎంతటిదో ఇల్లాలికి తెలిసినట్లు మఱియొకరికి తెలియదు. మార్పును మొదట కనిపెట్టునది ఆమె కన్ను. అంటురోగమునకు భయపడి జాగ్రత్తతో మెలగుట వివేకమే. కాని ఆ భయము కంటియెదుటి ప్రాణమునకు అడ్డు రాకూడదు. అట్టి వేళ నలుగురును వలదన్నను నోరు విప్పి, "ఇప్పుడే పోవలెను" అని చెప్పు ధైర్యము మన స్త్రీలకు ఉండవలెను.