నొప్పికి విశేషణాలు

తెలుగులో నొప్పికి మాటల కరువేం లేదు. పన్ను సలుపుతుంది, కాళ్ళు పీకుతాయి, మెడ పట్టేస్తుంది, నడుం కలుక్కుమంటుంది, కడుపులో మెలిపెడుతుంది. గుండె దగ్గరికి వచ్చేసరికే చిక్కు. బరువెక్కడం, జారిపోవడం, తరుక్కుపోవడం, చెరువైపోవడం అన్నీ ఎప్పుడో మనసుకి రాసిచ్చేశాం. ఒంటికంటూ మిగిలింది గుండెపోటు ఒక్కటే. అది లక్షణం కాదు, ఏకంగా రోగం పేరు. గుండెల్లో పోటుగా ఉందన్నామంటే నొప్పి ఎలా ఉందో చెప్పినట్టు కాదు, తీర్పు చెప్పేసినట్టే.

ఈ సంగతి నాకు పోయినేడాది ఫిబ్రవరిలో, ఆఫీసు కాల్ మధ్యలో తెలిసింది. ఎడమవైపు, చొక్కా జేబుకి కాస్త లోపలగా, ఎవరో వేలితో పొడుస్తున్నట్టు నొప్పి. ఊపిరి తీస్తే ఇంకా ఎక్కువ. ఊళ్ళో ఉన్న అమ్మకి ఫోన్ చేస్తే, "గ్యాస్ అయ్యుంటుంది నాన్నా, కాస్త వాము నములు" అంది. మా ఇళ్ళల్లో ఛాతీలో ఏమొచ్చినా ముందు పెట్టే పేరు గ్యాసే. మా పెదనాన్నకీ అదే పేరు పెట్టారు. ఆయన ఆ రాత్రి సోడా తాగి పడుకున్నాడు, పొద్దున లేవలేదు. అప్పటికి ఆయనకి 49 ఏళ్ళు. అమ్మకి అది గుర్తులేక కాదు. గుర్తుంది కాబట్టే గ్యాస్ అంది.

నా భార్య మాత్రం వాము దాకా రానివ్వలేదు. అరగంటలో ఎమర్జెన్సీలో ఉన్నాం.

"నొప్పి ఎలా ఉంది? బరువు పెట్టినట్టా, మంటలానా, పొడిచినట్టా? ఎక్కడికైనా పాకుతోందా?" డ్యూటీ డాక్టర్ అడుగుతూనే ఉంది. పుస్తకాల మీద రాసేటప్పుడు విశేషణాలు కొట్టేయడం నాకలవాటు. ఇక్కడ కేసు షీటంతా విశేషణాలే. నేను మాటలు వెతుక్కుంటుంటే ఆవిడ నా చేతిని చూస్తోంది. గుండె నొప్పి వచ్చినవాళ్ళు చాలాసార్లు పిడికిలి బిగించి ఛాతీ మీద పెట్టుకుంటారట. దాన్ని శామ్యూల్ లెవైన్ అనే డాక్టరు పేరుతో లెవైన్ సైన్ అంటారని తర్వాత చదివాను. నేను చూపించింది ఒక్క వేలితో.

అలాగని ఆవిడ వేలిని నమ్మి పంపేయలేదు. ఈసీజీ తీశారు. ఒంటికి అంటించేది 10 ఎలక్ట్రోడ్లే, గుండెని చూసేది మాత్రం 12 కోణాల్లోంచి. తర్వాత ట్రోపోనిన్ పరీక్ష. గుండె కండరం దెబ్బతింటే ఈ ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది, కానీ పెరగడానికి టైం పడుతుంది. అందుకే కొన్ని గంటలాగి మళ్ళీ రక్తం తీస్తారు. లాగ్‌లో ఎర్రర్ లేదంటే ఎర్రర్ జరగలేదని కాదు, ఇంకా రాయలేదేమో. నాకు వెంటనే అర్థమైంది, అర్థమయ్యాక ఆ గంటలు మరీ కష్టమయ్యాయి. ఆవిడ ఏదో అడగబోయి ఆగింది. ఇంటి లోను, ఇన్సూరెన్సు పాస్‌వర్డులు ఏ ఫైల్లో ఉన్నాయో నేనే చెప్పాను. "ఇప్పుడవన్నీ ఎందుకు" అంది గానీ ఫోన్లో రాసుకుంది.

రెండో రిపోర్టూ నార్మలే. "ఏమీ లేదండీ" అన్నారు. తర్వాతి వారం ఎకో, ట్రెడ్‌మిల్ టెస్టు చేశారు. అక్కడా ఏమీ లేదు. నొప్పి మాత్రం ఉంది. రాత్రి పక్కకి తిరిగితే ఉంది, తుమ్మితే ఉంది. "ఏమీ లేదు" అన్నది రిపోర్టుల గురించి చెప్పిన మాట. అది విన్న ప్రతిసారీ ఊరటతో పాటు, అబద్ధమాడి దొరికిపోయినట్టు ఒక సిగ్గు.

ఆ రోజుల్లోనే వర్జీనియా వుల్ఫ్ 1926లో జబ్బు గురించి రాసిన వ్యాసం చదివాను. ఒంటి బాధ చెప్పుకోవడానికి ఇంగ్లీషులో మాటల్లేవని ఆవిడ ఫిర్యాదు. 1975లో మెక్‌గిల్ యూనివర్సిటీకి చెందిన రోనాల్డ్ మెల్జాక్, నొప్పిని చెప్పే 78 మాటల్ని 20 గుంపులు చేసి, రోగులు ఏరుకునేలా ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. నాకవసరమైంది అలాంటి తెలుగు పట్టీ.

చివరికి ఒక పెద్దావిడ, జనరల్ ఫిజీషియన్, ఫైలంతా తిరగేసి, రొమ్ము ఎముకకి పక్కటెముక అతుక్కునే చోట వేలితో నొక్కింది. ఎగిరిపడ్డాను. "ఇదేనా?" అదే. కాస్టోకాండ్రైటిస్. అక్కడి మృదులాస్థి వాపు. దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, ఈసీజీలో కనపడదు. నొక్కితే నొప్పి పుట్టినంత మాత్రాన గుండె బాగుందని అనుకోకూడదని, ఆ పరీక్షలన్నీ అయ్యాయి కాబట్టే ఈ మాట చెప్తున్నాననీ అంది. ఎందుకొచ్చింది? దగ్గు వల్లా, బరువులు మోయడం వల్లా? జనవరిలో రెండూ ఉన్నాయి. ఫలానా దానివల్లే అని ఆవిడ తేల్చలేదు. నొప్పి పూర్తిగా తగ్గేసరికి వానలు మొదలయ్యాయి.

ఆ పేరు అమ్మకి నోరు తిరగలేదు. ఎముకల దగ్గర వాపు, గుండెది కాదని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "బావగారు ఆరోజు గుండె బరువుగా ఉందన్నారురా. మీ అక్కని అత్తారింటికి పంపి నాలుగు రోజులే అయింది. కూతురి మీద బెంగనుకున్నాం. రాత్రి ఆయాసం కూడా అంటే అప్పుడు సోడా ఇచ్చాం."

పెదనాన్న తనకి దొరికిన మాటతో సరిగ్గానే చెప్పాడు.