పది నిమిషాల ఎడం

మా ల్యాబ్ కిటికీలోంచి గుణదల కొండ కనిపిస్తుంది. ప్రాక్టికల్స్ మొదలయ్యే రోజున స్పెక్ట్రోమీటర్ టెలిస్కోపును ముందుగా ఆ కొండ మీది శిలువకే ఫోకస్ చేయిస్తాను. "తలకిందులుగా ఉంది మేడం!" అంటారు ఎవరో ఒకరు. ఇక పాఠం దానంతటదే నడుస్తుంది.

ఆ స్పెక్ట్రోమీటర్ పాత ఇత్తడి పరికరం. నా ఉద్యోగం కొత్తలో, పాతసామాన్లకు వేసేద్దామని వరండాలో పడేసిన వాటిలోంచి ఏరి తెచ్చుకున్నాను. స్క్రూలు బిగుసుకుపోయి, స్కేలంతా చిలుము పట్టింది. వారం రోజులు మెత్తటి గుడ్డతో తుడిస్తే గీతలు బయటపడ్డాయి. డిగ్రీలో అరవయ్యో వంతు, అంటే ఒక్క నిమిషం దాకా దాని మీద చదవొచ్చు.

ప్రిజం బల్లను మెల్లగా తిప్పుతుంటే సోడియం దీపపు పసుపు గీత పక్కకు జరుగుతూ పోతుంది. ఒకచోట ఆగుతుంది. బల్లను అటే తిప్పుతున్నా, గీత వెనక్కి మళ్లుతుంది. ఆ మళ్లే చోటే కనిష్ఠ విచలనం. ఆ విచలనం గ్రాఫును పరీక్షల్లో ఎన్నోసార్లు గీసిన పిల్లలు కూడా ఇది చూశాక ఐపీసు వదలరు.

తర్వాత అంగుళానికి 15,000 గీతలున్న గ్రేటింగ్ పెట్టిస్తాను. రెండో ఆర్డర్లో ఆ పసుపు రెండు గీతలుగా విడిపోతుంది. అప్పుడు గుంటూరు సంగతి చెబుతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన డెల్టా మీదుగా సాగింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ పాగ్సన్ మచిలీపట్నంలో స్పెక్ట్రోస్కోపులు పెట్టుకుని కూర్చున్నారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత కనిపించింది. ఆ గ్రహణాన్ని చూసినవారిలో కొందరు దాన్ని సోడియందే అనుకున్నారు. కాదని ఆ అక్టోబరులో ఇంగ్లండులో ఖగోళవేత్త లాకియర్ గుర్తించాడు. అది హీలియం. భూమి మీద రసాయనవేత్త రామ్సేకు దొరికింది 1895లో.

సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్లు, హీలియంది 587.6. మా గ్రేటింగ్‌తో ఎంత ఎడం వస్తుందో కట్టమంటాను. రెండో ఆర్డర్లో, సోడియం జంట నడిమి నుంచి ఇంచుమించు పది నిమిషాలు.

మాకు హీలియం గొట్టం లేదు. కిందటేడు కంకిపాడు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె లెక్క తేల్చుకుని, సోడియం జంట నడిమి నుంచి టెలిస్కోపును సరిగ్గా పది నిమిషాలు జరిపి ఆపింది. అక్కడంతా చీకటి.

"ఇక్కడుంటుందన్నమాట మేడం" అంది, కన్ను తీయకుండా.