విద్యుత్ కారు, ఒక తీగ ముక్క, ఒక వైద్యుని అనుభవము

ఉద్యోగ విరమణ చేసిన నాటి నుంచి రక్తపు పోటు, మధుమేహము, పాముకాటు వంటి విషయములను గురించి వ్రాస్తున్నాను. ఈ మారు విషయము కొంచెము వేరుగా తోచవచ్చును. విద్యుదాఘాతముతో ఆసుపత్రికి తెచ్చిన వారిని చూసిన వైద్యునిగా ఇది కూడా ఆరోగ్య విషయమేనని నేను అనుకుంటాను. ఇందులో నేను చేయబోయిన పొరపాటు కూడా ఉన్నది కనుక దానిని దాచకుండా చెబుతాను.

గత సంవత్సరము మా అబ్బాయి నాకొక విద్యుత్ కారు కొనిపెట్టాడు. శ్రీకాకుళములోని మా ఇంటి నుంచి విజయనగరములో ఉన్న మా అమ్మాయి ఇంటికి సుమారు 70 కిలోమీటర్లు. ఈ వయస్సులో బస్సులు ఎక్కి దిగవద్దని వాడి కోరిక. మా ఇల్లు 1994 లో కట్టినది. గోడలలో ఆనాటి తీగలే ఉన్నాయి. కారుతో వచ్చిన చార్జరును వరండాలోని 16 ఆంపియర్ల ప్లగ్గులో పెడితే ఎర్ర దీపము వెలిగింది. కారు విద్యుత్తును తీసుకొనలేదు.

మా వీధిలో పంకాలు, మోటార్లు బాగుచేసే కుర్రవాడిని పిలిచాను. ఒకప్పుడు వాడి తండ్రికి క్షయవ్యాధి వస్తే మందులిచ్చి నయము చేసాను. అందువలన నేనంటే వాడికి చాలా అభిమానము. పదిహేనేళ్ళుగా మా ఇంటి పనులన్నీ వాడే చేస్తున్నాడు. ఐ.టి.ఐ. చదువు లేదు. ఇంకొకరి ప్రక్కన నిలబడి, చూసి నేర్చుకున్న పని. వాడు ప్లగ్గు విప్పి చూసి నవ్వాడు.

"ఏటీ నేదు డాట్రు బాబూ. ఎర్తు రాట్లేదు, అంతే. నూట్రల్ నుంచి ఎర్తుకి సిన్న తీగ ముక్క ఏసేత్తే సాలు. దీపం పచ్చగా ఎలిగిపోతాది. అయిదు నిమిషాల పని" అన్నాడు.

"సరే, కానియ్యి" అని అనబోయాను. దీపము పచ్చగా వెలుగుతుందన్న మాట నన్ను ఆపింది.

నేను ప్రభుత్వ వైద్యునిగా పనిచేసిన కాలమంతా పల్లెలలో సంచి వైద్యులతో వాదించాను. జ్వరముతో వచ్చిన మనిషికి వారు ఒక స్టీరాయిడ్ సూదిమందు పొడిచేవారు. సాయంత్రానికి జ్వరము దిగేది, ఆకలి వేసేది, రోగి సంతోషముతో ఇంటికి వెళ్ళేవాడు. లోపలి వ్యాధి మాత్రము పెరుగుతూ ఉండేది. పది రోజుల తరువాత ఆ మనిషే స్పృహ లేకుండా మా ఆసుపత్రికి వచ్చేవాడు. "చదువు లేని వాని చేతిలో మీ ప్రాణము ఎందుకు పెట్టారు?" అని బంధువులను కోప్పడేవాడిని. "దగ్గరున్నాడు, మనవాడు, డబ్బు తక్కువ తీసుకుంటాడు" అని వారు చెప్పేవారు. ఆనాడు మా వరండాలో నేను నిలబడి ఉన్నది కూడా సరిగ్గా ఆ మూడు కారణములతోనే.

పని ఆపమన్నాను. వాడి ముఖము చిన్నబోయింది. "నా సెయ్యి మీద నమ్మకం నేదా బాబూ?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

మరునాడు వాకబు చేసి, లైసెన్సు గల విద్యుత్ గుత్తేదారు ఒకరిని పిలిపించాను. ఆయనతో వైర్‌మన్ పర్మిట్ గల పనివాడు వచ్చాడు. ఆయన కారు వైపు చూడకుండా ముందు మీటరు వద్దకు, తరువాత పెరటిలోని ఎర్తు గొయ్యి వద్దకు వెళ్ళారు. రోగి చెప్పే బాధను విని కూడా ముందుగా నాడి, రక్తపు పోటు చూసే వైద్యుడు నాకు గుర్తుకు వచ్చాడు. గొయ్యి వద్ద త్రవ్వి చూస్తే, గొట్టానికి కట్టిన తీగ ఉప్పుగాలికి, తేమకు తినివేయబడి తెగి ఉంది. ఎన్నేళ్ళ క్రిందట తెగిందో తెలియదు. అన్నేళ్ళూ మా ఇంటిలో రిఫ్రిజిరేటరు, నీళ్ళ మోటారు, గీజరు ఎర్తు లేకుండానే నడిచాయి. లక్షణములు లేకుండా ఏళ్ళ తరబడి ఉండే రక్తపు పోటు వంటిదే ఇది కూడా.

ఆ తీగ ముక్క వేస్తే ఏమవుతుందని ఆయనను అడిగాను. న్యూట్రల్ తీగ బాగున్నంత కాలము ఏమీ కాదట. స్తంభము వద్ద కాని, ఇంటిలో కాని న్యూట్రల్ తెగిన క్షణములో ఆ ముక్క ద్వారా 230 వోల్టులు కారు ఇనుప శరీరములోకి వస్తాయి. కారు చక్రములు రబ్బరువి కనుక ఆ విద్యుత్తు భూమికి పోదు. తడి నేల మీద నిలబడి తలుపు తెరిచే మనిషి ద్వారా పోతుంది. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటినప్పుడు ఉద్దానములో వేలకొలది విద్యుత్ స్తంభములు నేలకొరిగాయి. గాలివానకు తీగలు తెగడము మన జిల్లాలలో అరుదైన విషయము కాదు.

ఇక వైద్య విషయానికి వస్తాను. పొడిగా ఉన్న చర్మము విద్యుత్తును చాలా వరకు అడ్డుతుంది. చెమటతో, నీటితో తడిస్తే ఆ నిరోధము వెయ్యి ఓములకు పడిపోవచ్చును. అప్పుడు 230 వోల్టుల వలన శరీరములో 200 మిల్లీ ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. సుమారు 10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే చేతి కండరములు బిగుసుకొని, పట్టుకున్న దానిని వదలలేము. 50 నుంచి 100 మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగా ప్రవహిస్తే జఠరికలు లయ తప్పి వణుకుతాయి, రక్తప్రసరణ ఆగిపోతుంది.

1980లలో, నేను కొత్తగా ఉద్యోగములో చేరిన రోజులలో, ఒక వర్షాకాలపు ఉదయము భార్యాభర్తలను ఒకే బండిలో తెచ్చారు. ఇనుప తీగ దండెము మీద ఆమె తడిబట్టలు ఆరవేస్తుండగా చేయి అంటుకుపోయింది. భర్త పరుగున వచ్చి వట్టి చేతులతో ఆమెను లాగాడు. ఆమె బ్రతికింది. అతడు మా ఆసుపత్రికి చేరేసరికే చనిపోయాడు. అతని రెండు అరచేతులలోను చిన్న కాలిన మచ్చలు తప్ప శరీరము మీద మరేమీ లేదు. ఆ అరచేతులను నేను ఇంకా మరచిపోలేదు.

మా ఇంటిలో కొత్త ఎర్తు గొయ్యి త్రవ్వారు. ఎర్తు నిరోధమును పరికరముతో కొలిచి నాకు చూపించారు. మీటరు పెట్టె నుంచి కారు కోసమే వేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగారు. గీజరు కొద్ది నిమిషములు పనిచేసి ఆగుతుంది కాని, మా కారు 3.3 కిలోవాట్లను తొమ్మిది పది గంటలు ఆపకుండా తీసుకుంటుంది. పాత ప్లగ్గులో వదులుగా ఉన్న ఒక మర ఆ రాత్రంతా వేడెక్కి నిప్పు పుట్టించగలదు. ఆర్.సి.సి.బి. అనే రక్షణ పరికరము కూడా పెట్టారు. వెళ్ళిన విద్యుత్తుకు, తిరిగి వచ్చిన దానికి 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అది కంటి రెప్పపాటులో సరఫరాను ఆపుతుంది. గుండె లయ తప్పక ముందే ఆపాలని ఆ అంకెను నిర్ణయించారు. మంజూరైన లోడు చాలదు కనుక ఈపీడీసీఎల్ వారికి దరఖాస్తు కూడా పెట్టించారు.

ఖర్చు పదిహేను వేలు దాటింది. ఆ రెండు రోజులూ మా వీధి కుర్రవాడిని ఆయనకు సహాయముగా పెట్టి కూలి ఇచ్చాను. మొదటి రోజు మాట్లాడలేదు. రెండవ రోజు ఎర్తు కొలిచే పరికరమును అడిగి చేతిలోకి తీసుకున్నాడు. పని అయ్యాక నా వద్దకు వచ్చి, "బాబూ, అలాటి ముక్కలు మూడు నాలుగిళ్ళల్లో ఏసీసినాను" అని మెల్లగా అన్నాడు. ఆ ఇళ్ళకు వెళ్ళి తీసివేయమన్నాను. గుత్తేదారుకు ఒక రోజు కూలి నేనే ఇచ్చి వాడితో పంపాను. పర్మిట్ పరీక్షకు దారి ఏమిటో ఆయననే అడిగి తెలుసుకోమన్నాను. వాడి చేతి మీద నాకు నమ్మకము ఉంది. ఆ చేతికి లేనిది చదువు మాత్రమే.

పాఠకులకు నా మనవి. ఇంటికి విద్యుత్ కారు వచ్చే ముందే లైసెన్సు గల వారిని పిలిచి, వారి పర్మిట్ అడిగి చూడండి. అడగడము అవమానించడము కాదు. ఎర్తును కొలిపించండి. కారుకు వేరే తీగ, 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ పరికరము పెట్టించండి. పొడిగింపు తీగలు వాడవద్దు. ఎర్ర దీపము వెలిగితే దానిని ఆర్పే ఉపాయము వెదకక, కారణమును వెదకండి.

ఎవరికైనా విద్యుదాఘాతము కలిగితే వారిని తాకకండి. ముందు మెయిన్ స్విచ్ ఆపండి. అది వీలు కాకపోతే పొడి కర్రతో తీగను తప్పించండి. వీధిలో తెగిపడిన తీగల జోలికి మాత్రము పోకుండా దూరముగా ఉండి విద్యుత్ సంస్థకు తెలపండి. శ్వాస లేకపోతే 108 కు చెప్పి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు రొమ్ము మధ్య గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చొని బాగానే ఉన్నానన్నా సరే, ఆసుపత్రికి తీసుకొని వెళ్ళి హృదయ విద్యుల్లేఖనము తీయించండి. గుండె లయలో మార్పులు పైకి కనిపించకపోవచ్చును.