మాంటేన్ వీధిలో మన మగ్గం

పారిస్‌లో ర్యూ ఫ్రాంస్వా ప్రెమియే 11వ నంబరు భవనం ముందు తలుపులు తెరవకముందే క్యూ మొదలవుతుంది. వాళ్లంతా దుస్తులు కొనడానికి వచ్చినవాళ్లు కాదు, చూడటానికి టికెట్టు కొన్నవాళ్లు. జపాన్ విద్యార్థినులు, బ్రెజిల్ నుంచి వచ్చిన కొత్త జంట, చేతికర్ర పట్టుకున్న ఫ్రెంచ్ ముసలమ్మలు. వాళ్ల మధ్య మంగళగిరి చీర, మగ్గం పని చేయించిన బ్లౌజుతో నేను. ఆ మూల తిరిగితే అవెన్యూ మాంటేన్. అక్కడి 30వ నంబరు ఇంట్లోనే క్రిస్టియన్ డియోర్ 1946లో తన సంస్థను ప్రారంభించాడు. దాన్ని ఆనుకుని ఉన్న ఈ ప్రదర్శనశాల, గ్యాలరీ డియోర్, 2022 మార్చిలో తెరుచుకుంది.

ఒక విషయం ముందే ఒప్పుకోవాలి. రాజనీతిశాస్త్రంలో పీజీ చదివే రోజుల్లో హాస్టల్ గదుల గోడలకు స్నేహితురాళ్లు చే గువేరా బొమ్మ అంటించుకుంటే, నేను ఒక పాత పత్రికలోంచి కత్తిరించిన ఫొటో అంటించుకున్నాను. సీన్ నది ఒడ్డున వెడల్పాటి టోపీ పెట్టుకున్న యువతి, దంతపు రంగు జాకెట్, నల్లటి కుచ్చుల స్కర్టు. విలీ మేవాల్డ్ 1955లో తీసిన ఫొటో అది. ‘సామాజిక స్పృహ లేదు’ అని గదిలో రోజూ వెక్కిరింపులే. అప్పటికీ ఇప్పటికీ నా దగ్గర డియోర్ వస్తువంటూ ఉంటే అది ఒక్క లిప్‌స్టిక్. కట్టేవి చేనేత చీరలు. కానీ ఆ ఫొటో నాకు ఒక పిచ్చి అంటించింది. గుడ్డ ఎంత ఖరీదైనదన్నది కాదు, కోత ఎలా ఉందన్నదే ముఖ్యమని. బ్లౌజు భుజం దగ్గర అర అంగుళం తేడా వస్తే టైలర్ దగ్గరకు మూడుసార్లు తిరిగే మనిషిని నేను.

కాబట్టి లోపల బార్ జాకెట్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఫొటోలో తెలియనిది దగ్గర నుంచి చూస్తే తెలుస్తుంది. ఆ నడుము సన్నదనం అంతా నడుములో లేదు. తుంటి దగ్గర లోపల మెత్తలు పెట్టి, అంచును బయటకు తిప్పి, కన్ను మోసపోయేలా కట్టిన కట్టడం అది. బట్టతో చేసిన వాస్తుశిల్పం. పక్క గదిలో నేల నుంచి పైకప్పు దాకా తెల్లటి నమూనాలు వేలాడుతుంటాయి. అసలు గుడ్డ మీద కత్తెర వేసే ముందు చవక నూలు బట్టతో కుట్టి చూసుకునేవి. రంగు, మెరుపు లేని ఆ తెల్ల గదే నాకు అన్నింటికన్నా నచ్చింది. మెట్ల పక్కన రంగుల వారీగా పేర్చిన బుల్లి గౌన్ల దగ్గర మాత్రం సెల్ఫీల కోసం తోపులాట. దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

1947 ఫిబ్రవరి 12న ఈ ఇంట్లో డియోర్ తొలి ప్రదర్శన జరిగినప్పుడు పారిస్‌లో చలి, బొగ్గు కొరత, రేషన్. అలాంటప్పుడు ఒక్కో స్కర్టుకు మీటర్ల కొద్దీ గుడ్డ వాడటం చూసి అమెరికా పత్రిక సంపాదకురాలు కార్మెల్ స్నో దానికి ‘న్యూ లుక్’ అని పేరు పెట్టింది. ర్యూ లెపిక్ సంతలో మాత్రం ఆ దుస్తులు వేసుకున్న యువతి మీద పడి మామూలు ఆడవాళ్లు వాటిని చింపేశారు. డియోర్‌కు పెట్టుబడి పెట్టిన మార్సెల్ బుసాక్ నూలు మిల్లుల అధిపతి. గుడ్డ ఎక్కువ పట్టే ఫ్యాషన్ రావడం ఆయనకు చేదేమీ కాదు. అందం వెనుక లెక్కలు మొదటి రోజు నుంచే ఉన్నాయన్నమాట.

ఎంబ్రాయిడరీ గౌన్ల అద్దాల దగ్గర ఒక ముసలమ్మ నా బ్లౌజు మెడ వైపే చూస్తూ దగ్గరకు వచ్చింది. వేళ్లతో కొక్కెం ఆడించినట్టు చూపించి ‘లూనెవిల్?’ అని అడిగింది. లూనెవిల్ ఫ్రాన్స్‌లో ఒక ఊరు. చట్రానికి బిగించిన బట్టలోంచి కొక్కెం సూదితో దారాన్ని లాగుతూ పూసలు, చమ్కీలు కుట్టే పనికి ఆ ఊరి పేరే స్థిరపడింది. ‘కాదు, మగ్గం. హైదరాబాద్’ అన్నాను. రెండూ ఒకే కుటుంబం. మనవాళ్లు ఆరీ సూదితో బట్ట పైవైపు నుంచి పూసలు కుడతారు, వాళ్లు బట్ట తిరగేసి వెనుక నుంచి కుడతారు. ఈ కొక్కెం కుట్టు యూరప్‌కు వెళ్లింది కూడా 18వ శతాబ్దంలో ఆసియా నుంచే. ఆమెకు నా ఇంగ్లీషు ఎంత అర్థమైందో గానీ, అనుమతి అడిగి బ్లౌజు అంచు వేలితో తడిమి చూసింది.

మన తీరం నుంచి వెళ్లింది అదొక్కటే కాదు. 1947లో ఈ భవనంలో డియోర్ తెరిచిన చిన్న దుకాణం గోడలకు తువాల్ ద జూయీ అనే అచ్చు బట్ట తొడిగారు. తెల్లటి నేపథ్యం మీద ఒకే రంగులో పల్లె దృశ్యాలుండే ఆ బట్టను ఈ సంస్థ తన గుర్తుల్లో ఒకటిగా చేసుకుంది. దాని వెనుక కథ మచిలీపట్నం దాకా వస్తుంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం మొదలుకొని కోరమాండల్ తీరమంతా అద్దిన కలంకారీ బట్టలు ఫ్రాన్స్‌ను ముంచెత్తాయి. చిరివేరు ఎరుపు ఎన్ని ఉతుకులకైనా పోని రంగు. పట్టు, ఉన్ని నేతగాళ్లు గగ్గోలు పెడితే ఫ్రెంచ్ ప్రభుత్వం 1686లో ఈ బట్టల దిగుమతిని, వాటి అనుకరణలను నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా కొనసాగింది. ఈలోగా 1742లో ఫాదర్ కూర్దూ అనే జెస్యూట్ మతాచార్యుడు మన అద్దకం పనివాళ్లను అడిగి తెలుసుకుని, పటిక నుంచి ఉతుకు దాకా అన్ని దశలూ వివరిస్తూ ఫ్రాన్స్‌కు ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చి తెలుగు నిఘంటువు కూడా కూర్చిన పండితుడాయన. నిషేధం పోయిన మరుసటి ఏడాదే, 1760లో, ఓబెర్‌కాంఫ్ జూయీ గ్రామంలో అద్దకం కర్మాగారం పెట్టాడు. కూర్దూ పేరు చరిత్రలో ఉంది, ఓబెర్‌కాంఫ్ పేరు ఉంది. చెప్పిన పనివాళ్ల పేర్లు మనకు తెలియవు.

పేర్ల గొడవ ఇప్పటికీ తీరలేదు. హోట్ కూటూర్ అనే మాటకు ఫ్రాన్స్‌లో 1945 నుంచి చట్టరక్షణ ఉంది. కొలతలు తీసి ఒక్కొక్కరికీ విడిగా కుట్టాలి, పారిస్‌లో సొంత వర్క్‌షాపు ఉండాలి. ఎంబ్రాయిడరీని బయటి సంస్థలకు ఇవ్వడం మాత్రం పాత పద్ధతే. డియోర్ బతికున్న రోజుల్లో అది రెబే వంటి పారిస్ సంస్థలకు వెళ్లేది. తర్వాత దశాబ్దాల్లో పెద్ద పెద్ద ఫ్యాషన్ సంస్థల పని చాలావరకు ముంబై దారి పట్టింది. చివరి కుట్టు యూరప్‌లో పడితే లేబుల్ మీద ఉండేది ఆ దేశం పేరే. ముంబైలో ఈ పని చేసేవారు ఇరుకు గదుల్లో, ఉపకాంట్రాక్టుల కింద, ఆరోగ్య సదుపాయాలు లేకుండా బతుకుతున్న తీరును 2020లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది.

డియోర్ పగ్గాలు 2016లో తొలిసారి ఒక మహిళ చేతికి, మారియా గ్రాజియా కియూరీకి వచ్చాక కొంత మార్పు వచ్చింది. ముంబై చాణక్య సంస్థతో దశాబ్దాల పరిచయాన్ని ఆమె దాచుకోలేదు. 2020 జనవరి కూటూర్ ప్రదర్శన వేదిక మీద వేలాడిన పతాకాలను కుట్టింది చాణక్య శిక్షణాలయంలోని మహిళలు. 2023 మార్చి 30న ఆమె ఏకంగా గేట్‌వే ఆఫ్ ఇండియా ముందే ప్రదర్శన పెట్టింది. ఆ కమానుకు కట్టిన బ్రహ్మాండమైన తోరణం చాణక్య కళాకారులదే. టికెట్టు కొనే స్థోమత ఉన్నవారికి కృతజ్ఞత కూడా ఒక ప్రచారమే కదా అని అనుమానించవచ్చు. నాకూ ఆ అనుమానం ఉంది. అయినా చెప్పకపోవడం కన్నా చెప్పడం మేలు. ఎందుకంటే కియూరీ వెళ్లిపోయిన మరుసటి నెలలోనే, 2025 జూన్‌లో, జొనాథన్ ఆండర్సన్ తొలి పురుషుల ప్రదర్శనలో లక్నో ముకేష్ పనితో ఒక కోటు నడిచింది. ధర 2 లక్షల డాలర్లని వార్తలు వచ్చాయి. లక్నో ప్రస్తావన ఎక్కడని మన దేశంలో చాలామంది నిలదీశారు.

పీజీలో నేను చదివిన పుస్తకాల్లో నరసాపురం లేసు అల్లే స్త్రీల మీద జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించినది ఒకటి. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా లేసు అల్లే ఆడవాళ్లను అందరూ ‘ఇంట్లో ఊరికే కూర్చునే గృహిణులు’ అనడం వల్లే వారికి కూలి అంత తక్కువగా ఉందని ఆమె తేల్చింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరికి వచ్చింది. కూలి సంగతి వేరే లెక్క. హాస్టల్ గోడ మీద డియోర్ ఫొటో, దాని కింద బల్ల మీద ఆ పుస్తకం. అప్పుడు వాటి మధ్య సంబంధమే తట్టలేదు.

బయటికొచ్చి మాంటేన్ వీధిలో చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. ఆ ముసలమ్మ వెళ్లిపోతూ అడిగిన రెండో ప్రశ్న ఇంకా బుర్రలోనే ఉంది. ‘ఎవరు కుట్టారు?’ నేను బొటిక్ పేరు చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపి మళ్లీ వేళ్లతో కొక్కెం ఆడించింది. నిజమే, బొటిక్ యజమానురాలు కొలతలు తీసుకుంది, డబ్బు తీసుకుంది. వెనుక గదిలో మగ్గం దగ్గర నలుగురు కుర్రాళ్లు వంగి కూర్చుని ఉండేవారు. బెంగాల్ నుంచి వచ్చారని విన్నాను. అక్కడికి మూడుసార్లు వెళ్లాను, భుజం దగ్గర అర అంగుళం కోసం.

ఫోన్ తీసి యజమానురాలికి సందేశం పెట్టాను: ‘అక్కా, నా ఆకుపచ్చ బ్లౌజు మగ్గం వర్క్ చేసిన అబ్బాయి పేరేంటి?’ హైదరాబాద్‌లో అప్పటికి సాయంత్రం. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

‘ఎందుకమ్మా, పూసలేమైనా ఊడాయా?’